మెట్‌పల్లి బాజా... అమెరికా బిగ్ బ్యాండ్!

బిగ్ బ్యాండ్ సంగీతం మీద ఓ వ్యాసం రాసిస్తానంటే ఎడిటరుగారు సంతోషించారు. “మంచి బొమ్మలు వేద్దాం, కుర్రకారు చదువుతారు” అన్నారు. అందుకోసం మెట్‌పల్లి వెళ్లొస్తానంటే మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుని నన్ను మళ్లీ ఓసారి చూశారు.

“మెట్‌పల్లిలో ఖద్దరు ఉందని విన్నాను. పసుపు మార్కెట్టు ఉందనీ విన్నాను. బిగ్ బ్యాండ్ ఎక్కణ్ణించి వచ్చిందయ్యా?”

“ఉందండీ. పదకొండు మంది. ఎర్ర కోట్లు వేసుకుంటారు.”

ఆయన పకపకా నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో తర్వాత చెబుతాను. ఇప్పుడే చెబితే మీరు పేజీ తిప్పేసి తారల ముచ్చట్లలోకి వెళ్లిపోతారు!

అసలీ బిగ్ బ్యాండ్ ఏమిటంటారా? 1930లలో, 40లలో అమెరికా కుర్రకారును వెర్రెత్తించిన వాద్యబృందం అన్నమాట. పదిహేను మంది అటూ ఇటూగా ఉంటారు. ట్రంపెట్లు ఒక వరస, ట్రాంబోన్లు ఒక వరస, శాక్సఫోన్లు ఒక వరస. వెనకాల పియానో, గిటారు, మనిషంత ఎత్తున్న బాస్, డ్రమ్ములు. డ్యూక్ ఎల్లింగ్‌టన్, కౌంట్ బేసీ, బెన్నీ గుడ్‌మన్ వంటి హేమాహేమీలు ఈ బృందాలు నడిపారు. ఒక వరస అడిగితే ఇంకో వరస బదులిస్తుంది. మధ్యలో ఒకడు లేచి నిలబడి, కాగితం మీద లేనిది, అప్పటికప్పుడు పుట్టింది ఊదుతాడు. అదే జాజ్.

ఇదంతా మనకు కొత్త అనుకోకండి. 1951లో వచ్చిన ‘అల్బేలా’ చూశారా? అందులో సి. రామచంద్ర బాణీల వెనక, తెర మీద కూడా, చిక్ చాకొలేట్ అనే గోవా ట్రంపెట్ వాద్యకారుడు తన బృందంతో సహా కనిపిస్తాడు. మన మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో మాత్రం తక్కువా? ఎల్.ఆర్. ఈశ్వరి గొంతెత్తితే, జ్యోతిలక్ష్మి మెట్లు దిగితే, వెనకాల గర్జించిన ఆ ట్రంపెట్లూ శాక్సఫోన్లూ ఎవరివనుకున్నారు? టైటిల్సులో వాళ్ల పేర్లు వెతకండి. దొరికితే నాకో కార్డు ముక్క రాయండి.

పేర్లు... ఈ వ్యాసమంతా పేర్ల గొడవే.

అమెరికాలో కొలంబస్‌కు పూర్వం నుంచీ ఉన్న ఆదివాసీ తెగలున్నాయి కదా. మనం పాత కౌబాయ్ సినిమాల్లో ఈకలు పెట్టుకుని గుర్రాల మీద అరుచుకుంటూ వస్తుంటే ‘రెడ్ ఇండియన్లు’ అన్నది వాళ్లనే. ఆ తెగల బిడ్డలు కొందరు ఈ బిగ్ బ్యాండ్లలో మొదటి వరసలో వాయించారు, పాడారు. ఇది తెలిసినప్పటినుంచి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. వాళ్ల పాటలు ఫోనులో వేసుకుని మెట్‌పల్లి వెళ్లాలి. ఒకాయనకు వినిపించాలి.

సిరిసిల్ల చప్పుడు

జూబ్లీ బస్‌స్టేషన్‌లో పొద్దున్నే బస్సెక్కాను. మెట్‌పల్లికి నిజామాబాదు రోడ్డు పట్టుకుని ఆర్మూరు మీదుగా పోవచ్చు, కరీంనగర్ మీదుగా జగిత్యాల, కోరుట్ల తగులుతూ పోవచ్చు. ఇప్పుడు రైలు కూడా ఉంది. నేను మాత్రం సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడ మీదుగా బస్సులు మారుతూ వెళ్లాను. తిరుగుడు దారే. కానీ సిరిసిల్ల చప్పుడు వినాలనిపించింది.

సిరిసిల్ల వెళ్లినవాళ్లకు తెలుస్తుంది. బస్టాండు దాటి నేతకారుల వాడల్లోకి నాలుగడుగులు వేస్తే చాలు, మరమగ్గాల మోత మొదలవుతుంది. ఒక మగ్గం వింటే ఉత్త రొద. పది మగ్గాలు ఒకేసారి వింటే అందులో దరువు పుడుతుంది. ఒకటి ముందు, ఒకటి కాస్త వెనక, ఒకటి అడ్డంగా. ఇక్కడి పిల్లలు ఉయ్యాలలోనే ఈ తాళం వింటారు. మరి ‘బలగం’ తీసిన వేణు యెల్దండి ఈ సిరిసిల్లవాడే అంటే ఆశ్చర్యమేముంది!

2023లో ఆ సినిమా మీరు చూసే ఉంటారు. ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే తీశారు. చివర్లో కొమురమ్మ, పస్తం మొగిలయ్య దంపతులు పాడుతుంటే హాల్లో రుమాలు తీయని మనిషి లేడు. వాళ్లు బుడగ జంగాలు. ఇంటింటికీ తిరిగి కథలు పాడి బతికిన కులం. తరతరాలుగా ఊరు వాళ్ల పాట విన్నది, గింజలు పోసింది, పేరు మాత్రం అడగలేదు. సినిమా అడిగింది. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూస్తే పేపర్లన్నీ పేరు పెట్టి రాశాయి.

వేములవాడ దగ్గరే హనుమాజీపేట. సి. నారాయణరెడ్డిగారి ఊరు. ‘గులేబకావళి కథ’తో 1962లో సినిమాల్లోకి వచ్చి, 1988లో జ్ఞానపీఠం దాకా వెళ్లిన సినారె పుట్టిన ఊరు అని అందరికీ తెలుసు. అదే ఊరు మరొకాయనది కూడా అని ఎందరికి తెలుసు? ఒగ్గు కథకు పేరు తెచ్చిన మిద్దె రాములు. డోలు, తాళాలు వెనకాల మోగుతుంటే రాత్రి తెల్లవార్లూ ఎల్లమ్మ కథ చెప్పేవాడు. 2010లో పోయాడు. ఒకే ఊరి మట్టి. ఒకాయన పాట కాగితం మీద నిలిచింది, ఒకాయన పాట గాలిలో కలిసింది. నా మటుకు నాకు ఇద్దరూ ఒక ఎత్తే.

రుద్రంగి, కథలాపూర్ దాటి కోరుట్ల చేరేసరికి మధ్యాహ్నమైంది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల – ఎక్కడ చూసినా రెండు రకాల బోర్డులు కనిపిస్తాయి. ఫంక్షన్ హాళ్లవి, గల్ఫుకు టిక్కెట్లు కొట్టే ట్రావెల్సువి. ఇంటికొకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. అరుగుల మీద ఆడవాళ్లు బీడీలు చుడుతుంటారు. ఆ వేళ్ల వేగం చూస్తే తబలా వాయించేవాడు సిగ్గుపడాలి. సరే, సరే. ఇలా రాసుకుంటూ పోతే మెట్‌పల్లి రాదు.

షట్టరు వెనకాల

మెట్‌పల్లి బస్టాండు నుంచి పది నిమిషాల నడక. ఒక్క షట్టరు గది. పైన రేకు మీద డ్రమ్మూ ట్రంపెట్టూ బొమ్మలు, రంగు వెలిసిపోయి. లోపల గోడకు ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు జరీ కుచ్చులు. మూలన పెద్ద డ్రమ్ము. దాని మీద పడుకున్న పిల్లి.

మాస్టరుకు డెబ్బయి దాటాయి. నన్ను చూసి లేవలేదు. 

“గిప్పుడు యాదికొచ్చిన్నా బిడ్డా?” అన్నాడు.

“అట్ల కాదు కాకా...” అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు.

చాయ్ తెప్పించాడు. తాగుతూ తన సంగతులు చెప్పాడు. వాళ్ల నాయిన సన్నాయి ఊదేవాడు. సన్నాయికి తోడు డోలు. ఊళ్లో పెళ్లయినా, గుళ్లో జాతరయినా వాళ్లే. తర్వాత తర్వాత ఊళ్లకు బ్యాండు వచ్చింది. ఈ ఇత్తడి బాజాలు మన దేశంలోకి వచ్చింది తెల్లవాళ్ల పటాలాలతో. కవాతు చేయడానికి, జెండాకు వందనం చేయడానికి. కంటోన్మెంట్లలో విన్న సంస్థానాధీశులు తమకూ బ్యాండు కావాలన్నారు. వాళ్లను చూసి దొరలు, దొరలను చూసి షావుకార్లు, షావుకార్లను చూసి అందరూ. పెళ్లికి బ్యాండు లేకపోతే పరువు తక్కువ అనే రోజులొచ్చాయి. సన్నాయి పట్టిన చేతులు క్లారినెట్ పట్టాయి. 

“సన్నాయిల గమకం పెదవితోని, ఏలితోని వస్తది. దీనికి మీటలుంటయి. మీట నొక్కితె సురం సక్కగ కూసుంటది, ఒంగది. దాన్ని ఒంగదీసుడే మా పని” అన్నాడు మాస్టరు.

వాళ్లెవరికీ నొటేషన్ రాదు. కొత్త సినిమా వస్తే మొదటి ఆటకు వెళ్లేవాళ్లు, మళ్లీ రెండో ఆటకు వెళ్లేవాళ్లు. మూడో రోజుకు పాట పెళ్లిలో వినిపించేది. క్లారినెట్ పల్లవి ఎత్తుకుంటే, ట్రంపెట్లు ఆర్కెస్ట్రా ముక్కలు అందుకునేవి, యుఫోనియం కిందనుంచి మోసేది. సైడు డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, వాటి పక్కన మన డప్పు. డప్పు లేకపోతే ఇక్కడి బారాత్ కదలదు. మంట పెట్టి కాపి, చర్మం బిగిసి ఖణేల్‌మన్నాక, కుడి చేతిలో సిర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల పట్టి తీన్‌మార్ మొదలుపెడితే ముసలివాళ్ల కాళ్లు కూడా ఊరుకోవు. డప్పులవాళ్ల వాడ ఊరికి ఒక పక్క, సన్నాయివాళ్ల ఇల్లు ఇంకో పక్క. పెళ్లి బ్యాండులో మాత్రం పక్కపక్కన నిలబడ్డారు. భోజనాల దగ్గర? అందరూ తిన్నాక పిలిచేవారు. పిలిస్తే!

“ఫోనుల ఏందో ఇనిపిస్తనంటివి?” అన్నాడు మాస్టరు.

గుంజుడు బాజా

ముందుగా రస్సెల్ మూర్‌ను వినిపించాను. 1912లో అరిజోనా రాష్ట్రంలో, పీమా తెగలో పుట్టాడు. పన్నెండో ఏట షికాగో దగ్గరున్న బంధువు ఇంటికి చేరి, అక్కడ రకరకాల బాజాలు నేర్చి, చివరికి ట్రాంబోన్ పట్టాడు. అది ముందుకూ వెనక్కూ జారే గొట్టం ఉన్న వాద్యం. 1935లో లయొనెల్ హాంప్టన్ దగ్గర, 1944 నుంచి 47 దాకా సాక్షాత్తూ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బిగ్ బ్యాండ్‌లో వాయించాడు. 1964లో ఆర్మ్‌స్ట్రాంగ్ మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్లాడు. 1983లో పోయాడు. లోకం ఆయన్ని పిలిచింది రస్సెల్ అని కాదు, ‘బిగ్ చీఫ్’ అని. మనిషి భారీ, తెగ బిడ్డ, ఇంకేం కావాలి, ‘పెద్ద దొర’ అని తగిలించేశారు. ముద్దుపేరే కావచ్చు. కానీ మన ఊళ్లో డప్పు కొట్టేవాణ్ణి పేరు పెట్టి పిలవకుండా ‘ఏయ్ డప్పూ’ అన్నట్టే నాకు వినిపిస్తుంది. మీరేమంటారో మరి!

మాస్టరు చెవి దగ్గర ఫోను పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

“గిది గుంజుడు బాజా. మన దగ్గర లేదు. సూడు, సురం మీదికి దుంకడు, జారుకుంట పోతడు. మా నాయిన సన్నాయి గిట్లనే ఊదుతుండె... గీయిన ఏ ఊరాయన?”

చెప్పాను. ఇంకో సంగతి కూడా చెప్పాను. అమెరికా ప్రభుత్వం 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో మొదలుపెట్టి అనేకచోట్ల బోర్డింగ్ బడులు నడిపింది. తెగల పిల్లల్ని ఇళ్లనుంచి తీసుకుపోయి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే దండించి, ‘నాగరికులను’ చేసే బడులు. ఆ బడుల్లో పిల్లల చేతికి ఇత్తడి బాజాలిచ్చి కవాతు బ్యాండ్లు కట్టించారు. కార్లైల్ పిల్లల బ్యాండు అధ్యక్షుల ప్రమాణ స్వీకార ఊరేగింపుల్లో నడిచింది. తల్లి పాడిన పాట పాడకూడదు, తెల్లవాడి మార్చింగ్ పాట వాయించాలి! కానీ బాజా చేతికిచ్చాక అందులోంచి ఏం వస్తుందో ఇచ్చినవాడి చేతిలో ఉంటుందా? అటువంటి బడుల బ్యాండ్లలోంచే ఎందరో సంగీతకారులు బయటికొచ్చారు. గోవాలో పోర్చుగీసువాళ్లు చర్చి బడుల్లో పిల్లలకు వయొలిన్ నేర్పింది ప్రార్థనల కోసం. ఆ పిల్లలు పెద్దయి బొంబాయి వచ్చి హిందీ సినిమా పాటకు ఆర్కెస్ట్రా కట్టారు. వాళ్లలో ఒకాయన ఆంటొనీ గొన్సాల్వెస్. ప్యారేలాల్‌కు వయొలిన్ గురువు. 1977లో ‘అమర్ అక్బర్ ఆంథొనీ’లో అమితాబ్ గుడ్డులోంచి ఊడిపడి చెప్పే పేరు ఆ గురువుగారిదే! శిష్యుడి గౌరవం అది. ఎంతమంది శిష్యులకు ఆ బుద్ధి పుట్టింది?

మాస్టరు ఊఁ కొట్టాడు. “మాకు బడి లేదు, చర్చి లేదు. టాకీసే మా బడి” అన్నాడు.

తర్వాత ఆస్కార్ పెటిఫర్డ్. 1922లో ఓక్లహోమాలో పుట్టాడు. తల్లి చోక్టా తెగ. తండ్రి వైపు చెరోకీ, నల్లజాతి రక్తాలు రెండూ. పదిమందికి పైగా పిల్లలు, తండ్రి బ్యాండు మాస్టరు, పిల్లలే బృందం! అచ్చంగా మన మేళం కుటుంబమే. బాస్ వాయించడంలో ఆయనో మొనగాడు. 1945 నుంచి 48 దాకా డ్యూక్ ఎల్లింగ్‌టన్ దగ్గర ఉన్నాడు. 1949లో బేస్‌బాల్ ఆడుతూ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అంత పెద్ద బాస్ పట్టుకోలేక చిన్నదైన చెల్లో తీసుకుని దాంట్లోనే జాజ్ వాయించాడు. 1960లో కోపెన్‌హాగన్‌లో, నలభై నిండకుండానే పోయాడు. బాస్ మోత ఫోను స్పీకర్లో సరిగా రాలేదు. మాస్టరు పెదవి విరిచాడు. తప్పు పెటిఫర్డ్‌ది కాదు సుమా!

ఆపైన మిల్‌డ్రెడ్ బెయిలీ. ఈమె గురించి సినిమా తీస్తే బాగుండునని నా కోరిక. వాషింగ్టన్ రాష్ట్రంలో టెకోవా అనే చిన్న ఊళ్లో పుట్టింది. తల్లిది కోర్ డలేన్ తెగ. ఆ తెగ పాటలు వింటూ పెరిగింది. 1929లో పాల్ వైట్‌మన్ ఆర్కెస్ట్రాలో చేరింది. బిగ్ బ్యాండ్ ముందు నిలబడి క్రమం తప్పకుండా పాడిన మొదటి మహిళ ఆమే! అప్పటికే ఆమె తమ్ముడూ, అతని స్నేహితుడు బింగ్ క్రాస్బీ అదే ఆర్కెస్ట్రాలో ఉన్నారు. క్రాస్బీ తర్వాత హాలీవుడ్‌ను ఏలాడు, బెయిలీ దగ్గర నేర్చుకున్నానని ఒప్పుకున్నాడు కూడా. ఆమె 1951లో పోయింది. 1994లో అమెరికా తపాలా బిళ్ల మీద ఆమె బొమ్మ వేశారు. ఇంతకీ ఆమె తెగ మాట? చాలాకాలం అందరూ ఆమెను తెల్లామె అనే రాశారు. 2012లో ఆ తెగవాళ్లు పట్టుబట్టి, ఆమె మా పిల్ల అని చెప్పడానికి ఐడహో శాసనసభలో తీర్మానం పెట్టించారు. చనిపోయిన అరవై ఏళ్లకు!

మాస్టరు ఆ పాట రెండుసార్లు విన్నాడు. తొడ మీద తాళం వేస్తూ, “గీమె తాళం కంటె ఇంత ఎనుక నడుస్తది. పడ్తదేమో అనిపిస్తది. పడది. ఆఖర్కి సక్కగ వచ్చి కూసుంటది. గిది నేర్పితె రాదు బిడ్డా” అన్నాడు. బిగ్ బ్యాండ్ సంగీతంలో ‘స్వింగ్’ అంటే ఏమిటో నేను చాలా పుస్తకాల్లో చదివాను. ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

కా, క్రీక్ తెగల బిడ్డ జిమ్ పెపర్ గురించీ చెప్పాను. తాత దగ్గర విన్న తెగ మంత్రగీతాన్ని శాక్సఫోన్ బృందంలోకి తెచ్చి 1969లో రికార్డు చేస్తే రేడియోల్లో మోగింది. ఇప్పుడు నెజ్ పర్స్ తెగ గాయని జూలియా కీఫ్ ఒక బిగ్ బ్యాండే కట్టిందనీ, 2022లో మొదటి కచేరీ చేసిందనీ, అందులో అందరూ తెగల బిడ్డలేననీ చెప్పాను.

“అందరు వాళ్లేనా? మరి పెండ్లిల్లు దొరుకుతున్నయా?” అని అడిగాడు మాస్టరు.

కోరుట్ల పెళ్లి

ఇక దాటవేయడానికి వీల్లేదు. చెబుతానని మాటిచ్చాను కదా.

మా నాయిన ఈ బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఎర్ర కోటు, తల మీద కుచ్చు టోపీ. చిన్నప్పుడు నాకు ఆ కోటు వేసుకోవాలని ఎంత ఆశో! జగిత్యాలలో డిగ్రీలో చేరాక ఆ ఆశ ఎటు పోయిందో పోయింది. మీ నాన్నగారేం చేస్తారంటే ‘వ్యాపారం’ అనేవాణ్ణి. ఏం వ్యాపారమని ఎవరూ అడగలేదు, అదృష్టం!

2008లో కోరుట్లలో ఓ క్లాస్‌మేట్ అక్క పెళ్లి. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు, తొమ్మిది మంది స్నేహితులం. ఎదురుకోళ్ల వేళకు బ్యాండు మొదలైంది. పాట వినగానే తెలిసిపోయింది. చరణం చివర అలా మెలితిప్పి వదిలే క్లారినెట్ ఈ నాలుగు మండలాల్లో ఒక్కటే. తల తిప్పి చూశాను. ఆయన కూడా చూశాడు... చూశాడనే అనుకున్నాను. నేను వంటల షామియానా వెనక్కి వెళ్లి, గంగాళాల మధ్య, పెళ్లివారు మండపంలోకి వెళ్లేదాకా నిలబడ్డాను. పప్పు ఘాటుకు కళ్లలో నీళ్లొచ్చాయని స్నేహితులతో చెప్పాను.

నాయిన ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. 2014లో ఆయన పోయాడు. చూశాడా, లేదా? ఇది అడగడానికే నేను మెట్‌పల్లి వచ్చింది. బిగ్ బ్యాండ్ వ్యాసం ఒక సాకు. ఎడిటరుగారు క్షమించాలి.

“కాకా, ఆ కోరుట్ల పెండ్లి యాదికున్నదా?”

మాస్టరు నావైపు చూడలేదు. క్లారినెట్ రీడు తీసి నాలుక మీద తడుపుకుంటూ అన్నాడు:

“ఎందుకు లేదు? నిన్ను సూసిండు. సూసి, ముందు వరస ఇడిసిపెట్టి ఎనుకకు వొయి పెద్ద డ్రమ్ము పక్కకు నిలవడ్డడు. నీ దోస్తులకు కండ్లవడొద్దని. ఏం పనిరా ఇది అంటె, ‘పోరడు సిన్నబోతడే, నువ్వు నడువు’ అన్నడు. క్లారినెట్టు ఎనుకనుంచి ఊదితె ఎవనికి ఇనస్తది బిడ్డా? డ్రమ్ము మింగేసింది. పాట లొట్టవోయింది. పెండ్లోళ్లు గిదేం బ్యాండని మనిషికి యాబై రూపాలు కోసిండ్రు. పదకొండు మందికి.”

పిల్లి డ్రమ్ము మీదనుంచి దూకి వెళ్లిపోయింది. బయట ఎవరో డీజే డబ్బాలు వ్యాను మీదికి ఎక్కిస్తున్నారు.

“ఆయన ఏమన్నడు కాకా, పైసలు కోస్తే?”

“ఏమంటడు? నవ్విండు. నా కొడుకు బీయే సదువుతున్నడు, ఆడు కట్టిస్తడు తియ్యిండ్రి, అన్నడు.”

ఎర్ర కోటు

మర్నాడు పొద్దున మెట్‌పల్లిలోనే ఓ పెళ్లి ఉంది. ఇప్పుడు రాత్రి బారాత్ అంతా డీజేదే. పెళ్లికూతురి తండ్రికి సెంటిమెంటుంటే ఎదురుకోళ్లకు ఓ గంట బ్యాండు పిలుస్తాడు. ఈయనకు ఉన్నట్టుంది, బయానా ఇచ్చాడు. పదకొండు మందిలో ఇప్పుడు మిగిలింది ఏడుగురు. ట్రంపెట్ కుర్రాడు దుబాయిలో ఉన్నాడు. యుఫోనియం ఆయనకు పళ్లూడిపోయాయి. ఆ రోజు గిలక్కాయలు ఆడించే పిల్లవాడికి పరీక్ష.

“పని లేకుంట నిలవడ్డవు గద, పట్టుకో” అని మాస్టరు ఆ రెండు గిలక్కాయలూ నా చేతిలో పెట్టాడు. గోడ మీంచి ఒక కోటు తీసి విసిరాడు. ఎవరిదని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చేతులు రెండంగుళాలు పొట్టి. కాలరు దగ్గర పాత చెమట, నాఫ్తలీన్ గోళీల వాసన.

ఫంక్షన్ హాలు ముందు నిలబడ్డాం. మాస్టరు క్లారినెట్ ఎత్తాడు. అందరికీ తెలిసిన పాత ఎన్టీఆర్ పాట. మొదటి చరణం మామూలుగానే వాయించాడు. రెండో చరణంలో ఒక చోట, బాబోయ్, స్వరం మీదికి దూకకుండా కిందనుంచి జారుతూ పైకి పోయాడు! మీటలున్న వాద్యంలో! పెదవితో లాగాడో, ఊపిరితో లాగాడో. డప్పు కొట్టే ఆయన ఉలిక్కిపడి చూసి, నవ్వి, దరువు మార్చి అందుకున్నాడు. నిన్న మధ్యాహ్నం విన్న పీమా మనిషి గుంజుడు బాజా ఇవాళ పొద్దున మెట్‌పల్లి నడిరోడ్డు మీద! పెళ్లివాళ్లెవరికీ తెలియదు. వాళ్లు కొబ్బరికాయల గొడవలో ఉన్నారు.

నా గిలక్కాయలు రెండుసార్లు తాళం తప్పాయి. తాళానికి వెనక నడిచి చివరికి వచ్చి కూర్చోవడం అందరికీ కుదురుతుందా! పెద్ద డ్రమ్ము ఆయన మోచేత్తో పొడిచాడు. పెళ్లికొడుకు వైపు వచ్చిన జనంలో ఒకతను నన్నే చూస్తూ దగ్గరికొచ్చాడు. నాతోపాటు జగిత్యాలలో చదివినవాడు. ఇప్పుడు హైదరాబాదులో ఏదో బ్యాంకులో పని.

“నువ్వేందిరా ఇక్కడ? షూటింగా?” అన్నాడు.

“కాదు, మా నాయిన బ్యాండు” అన్నాను.

“అరే! ఎప్పుడూ చెప్పలేదేందిరా?” అని ఫోను తీసి నాతో ఓ ఫోటో దిగాడు. అంతే! అతనికి అదేమంత పెద్ద విషయంగా కనిపించలేదు. వెనకనుంచి ఎవరో భోజనాలకు పిలిస్తే వెళ్లిపోయాడు. అన్నట్టు, ఈసారి మమ్మల్నీ పిలిచారు, మొదటి బంతిలోనే.

భోజనాలయ్యాక షట్టరు గది ముందు మాస్టరు లెక్క చూశాడు. మనిషికి ఎనిమిది వందలు వచ్చింది. వరసగా అందరి చేతుల్లోనూ పెట్టాడు. నా వంతు వచ్చేసరికి ఏడు వందల యాభై లెక్కబెట్టి ఇచ్చాడు.

“ఇదేంది కాకా, యాభై తక్కువున్నయి?”

“నాది నాకు ముట్టింది” అన్నాడు మాస్టరు, నోటు జేబులో పెట్టుకుంటూ. “ఇంక పది మందియి ఉన్నయి. మల్ల పెండ్లికి రా.”